దైవత్వమందిన మానవులు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పాతబస్తీలో జరుగుచున్న ఈ యాదవ మహాసభయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, గొఱ్ఱెల పెంపకమును గూర్చియు, పాడిపరిశ్రమను గూర్చియు ప్రసంగించుటకు మాకంటె సమర్థులు పెక్కురు గలరు. మేము వేఱొక విషయమును మీ ముందుంచ దలచితిమి. మనము కొలుచు దేవతలలో కొందఱు మనవలెనే పుట్టి, పసులను కాచి, పోరి, గిట్టిన మనుష్యులేనా? అయినచో ఆ మాట చెప్పుకొనుట మనకు గౌరవమా, లాఘవమా? చదువుకొన్న కుఱ్ఱవాడు "కాటమరాజు మనిషే గదా, దేవుడెట్లయ్యెను?" అని యింట నడిగినచో పెద్దలు కోపింతురు, లేదా మౌనము వహింతురు. కోపముగాని మౌనముగాని ప్రశ్నకు సమాధానము కాజాలదు. ఈ ప్రశ్ననే సుమారు 2,300 ఏండ్లకు పూర్వము యవనదేశమున నొకడు వేసియున్నాడు. వాని మాటతో మొదలిడి, మన దేశపు పురాతన సాక్ష్యములను జూచి, పిమ్మట ఈ నగరమునకును మన కులవీరుల కడకును వత్తము.

యవనులనగా గ్రీసు దేశీయులు. వారి దేవతలు మన దేవతలవలెనే పెక్కండ్రు. జ్యూసు వారికి దేవరాజు, వాని తండ్రి క్రోనసు, తాత యురేనసు. ఈ దేవతలెట్లు పుట్టిరని వారిలో బుద్ధిమంతులు విచారించిరి. క్రీ. పూ. 5వ శతాబ్దిలో ప్రోడికుసు అను పండితుడు, మనుష్యుడు తనకు మేలు చేయు వస్తువులనే తొలుత దైవములుగా నెంచెనని చెప్పెను. అన్నము పెట్టు ధాన్యము ఒక దేవి. ద్రాక్షరసము ఒక దేవుడు. నీరు, నిప్పు, నది, సూర్యుడు అన్నియు నిట్టివే. తరువాత వ్యవసాయాది విద్యలను కనిపెట్టిన మనుష్యులు కూడ ఆ వరుసలో చేరిరని వాని మతము.

వాని తరువాత సుమారు నూఱేండ్లకు యూహెమెరసు అనువాడు వచ్చెను. ఇతడు మాసిడోనియా రాజగు కాసాండరు కొలువున నుండినవాడు, కాలము క్రీ. పూ. 300 ప్రాంతము. ఇతడు "పవిత్ర శాసనము" అను పేర నొక గ్రంథము వ్రాసెను. మూలము నశించినది. డయోడోరసు మొదలగు తరువాతి చరిత్రకారులు గ్రహించి చెప్పిన భాగములవలన దాని సారము మనకు తెలియుచున్నది.

ఆ కథ వినదగినది. తాను రాజకార్యముమీద అరేబియాకు దక్షిణమున సముద్రయానము చేసి, పాంకేయ అను ద్వీపమును చేరితినని యూహెమెరసు చెప్పును. ఆ ద్వీపపు తూర్పు కొననుండి చూచిన, దూరమున మంచులో మునిగినట్లు మన హిందూదేశము కానవచ్చునట! ద్వీపవాసులలో హిందువులు కూడ కలరట! అచ్చటి జనులు మూడు వర్గములు. పురోహితులు, వారితో చేరిన శిల్పులు మొదటి వర్గము; కృషీవలులు రెండవది; యోధులు, వారితో చేరిన పశుపాలకులు మూడవది. పశువులను కాచువారిని ఆ యవనుడు యోధుల పంక్తిని కూర్చుండబెట్టుట మన సభ్యులు గమనింతురు గాక! ఇల్లును తోటయు తప్ప ఎవ్వరికిని సొంత ఆస్తి లేదు. పండిన పంట నంతయు పురోహితులు పంచిపెట్టుదురు. తమకు మాత్రము రెండు పాళ్లు తీసికొందురు.

ఆ ద్వీపమున జ్యూసు ఆలయములో నొక బంగారు స్తంభము కలదనియు, దానిమీద యురేనసు, క్రోనసు, జ్యూసుల చరిత్ర లిఖింపబడి యున్నదనియు అతని వాక్యము. దాని ప్రకారము వారు ముగ్గురును పూర్వకాలపు రాజులు. యురేనసు నక్షత్రగతుల నెఱిగిన ధర్మాత్ముడు. జ్యూసు దేశదేశములు తిరిగి, రాజులతో మైత్రి చేసి, ప్రజలకు కట్టుబాట్లు నేర్పి, తుదకు క్రీటు ద్వీపమున మరణించెను. అచ్చట జ్యూసు సమాధి యున్నదని క్రీటువాసులు చూపుచుండెడివారు. దేవుడు చచ్చునా యని ఇతర యవనులు వారిని బొంకులాడువారని నిందించిరి. కాలిమాకసు అను కవి యూహెమెరసునే యెగతాళి చేసెను.

ఈ సిద్ధాంతము ఆ కాలముననే ఏల పుట్టెనో యోచింపదగినది. అలెగ్జాండరు క్రీ. పూ. 323లో గతించెను. వాని సేనానులు రాజ్యమును పంచుకొని, తాము దేవతలమని పూజలందుకొనసాగిరి. క్రీ. పూ. 307లో డెమెట్రియసు అను సేనాని ఏథెన్సు నగరమును చేరగా, పౌరులు వానిని రక్షకదేవుడని కొలిచిరి. పూర్వపు దేవతలే రాజులైనచో నేటి రాజులు దేవతలగుట కడ్డమేమి? బలవంతులును యుక్తిపరులునగు వారు తమకు లోబడుటకై జనులలో దైవభీతిని కల్పించిరని కూడ యూహెమెరసు చెప్పెనట. అనగా దైవత్వమునకు రెండు త్రోవలు: లోకోపకారము ఒకటి, అధికారము రెండవది. ఈ రెండింటి భేదమును మీరు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము.

ఈ గ్రంథమును ఎన్నియుసు అను కవి లాటిను భాషలోనికి మార్చెను. కొన్ని శతాబ్దములు గడచిన పిమ్మట లాక్టాన్షియసు మొదలగు క్రైస్తవాచార్యులు దీనినే యాయుధముగా బట్టి, "మీ దేవతలందఱు చచ్చిన మనుష్యులే" యని పూర్వమతస్థులతో వాదించిరి. రాజులను దేవతలుగా నెత్తుటకు పనికివచ్చిన వాదమే దేవతలను దింపుటకును పనికివచ్చినది. వాదము కత్తివంటిది, అది పట్టినవాని చేతినిబట్టి తెగును.

ఇది పరదేశపు వింతయని మనవారు తలపరాదు. యాస్కాచార్యుని నిరుక్తమున అశ్వినీదేవతలెవరను ప్రశ్నకు పలు సమాధానములు కలవు. ద్యావాపృథివులని కొందఱు, అహోరాత్రములని కొందఱు, సూర్యచంద్రులని కొందఱు చెప్పుదురనియు, పుణ్యము చేసిన ఇద్దఱు రాజులని ఐతిహాసికులు చెప్పుదురనియు యాస్కుడు వ్రాసెను. ఆ మాట చెప్పినవారిని అతడు తిట్టలేదు, వెలివేయలేదు. వారి పక్షమును కూడ శాస్త్రములో నొక వరుసను నిలిపెను. మన పూర్వుల చర్చాపద్ధతి ఇట్టిది.

మఱి మన కులమునకు మూలపురుషునిగా కొలువబడు శ్రీకృష్ణుని మాట యేమి? ఇచ్చట సాక్ష్యములు విశేషముగా కలవు. యూహెమెరసు కాలముననే మెగస్తనీసు అను యవన రాయబారి చంద్రగుప్త మౌర్యుని కొలువునకు వచ్చెను. శూరసేనులు, వారి నగరమగు మధుర, హెరాక్లీసును మిక్కిలి కొలుతురని వాని వ్రాతలవలన తెలియుచున్నది. హెరాక్లీసు యవనుల వీరుడు. మధురలో వారు చూచిన ఆ వీరదైవము వాసుదేవుడే యని పండితులు పెక్కురు తలచుచున్నారు. ఆ వీరుడు భూమిని క్రూరమృగముల బాధనుండి విడిపించి, మనుష్యలోకమును విడిచిన పిమ్మట అమరులకు దగిన పూజలందెనని డయోడోరసు చెప్పుచున్నాడు.

క్రీ. పూ. 180 ప్రాంతమున బాక్ట్రియా నేలిన అగాథొక్లీసు అను యవనరాజు నాణెములమీద సంకర్షణ వాసుదేవుల మూర్తులు కలవు. అట్టి నాణెములు 1970లో ఆఫ్ఘనిస్తానమునందలి ఐఖానుమున దొరకినవి. నానాఘాటు గుహలో శాతవాహనుల శాసనము సంకర్షణ వాసుదేవులను స్తుతించుచున్నది. మధుర చెంత మోరా గ్రామపు శాసనము వృష్ణివంశపు పంచవీరుల ప్రతిమలను శిలాలయమున నిలిపిన సంగతి తెలుపుచున్నది. ఆ యేవురు సంకర్షణుడు, వాసుదేవుడు, ప్రద్యుమ్నుడు, సాంబుడు, అనిరుద్ధుడు అని వాయుపురాణమువలన తెలియును. మన తెలుగునాట పల్నాటి సీమలోని కొండమోటున దొరకిన శిల్పఫలకముమీద నరసింహమూర్తితోబాటు ఈ యేవురును నిలిచియున్నారు; అది సుమారు 1,700 ఏండ్లనాటిది. ఒక కుటుంబములోని అన్నదమ్ములు, కొడుకులు, మనుమడు వీరులని పిలువబడుచునే భగవంతులుగా కొలువబడిన విధమును ఈ రాళ్లు మనకు చూపుచున్నవి.

భక్తులు దీనిని వేఱుగా చెప్పుదురు. భగవంతుడే దిగివచ్చి గోపాలుడాయెనని మన పురాణముల మతము. గోపాలుడే పైకెక్కి భగవంతుడాయెనని యవనుని మతము. ఒకటి దిగు మెట్లు. రెండవది ఎక్కు మెట్లు. వీనిలో నేది సత్యమో నిర్ణయించుట ఈ సభకార్యము కాదు. కాని రెండు మతములకును నడుమ ఆలమందల మధ్య గడచిన ఒక మనుష్యజీవితము కలదు. దిగివచ్చినవాడు ఆవులను కాచెను. ఎక్కిపోయినవాడును ఆవులను కాచెను. ఆ పనికి లాఘవము ఎచ్చటను లేదు.

ఇక ఈ నగరమును చూతము. 1591లో పునాదులు పడిన ఈ పాతబస్తీ ఆలయములకును, దర్గాలకును, ఆశుర్ఖానాలకును నెలవు. ఆషాఢమాసపు బోనములనాడు లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి కడకు జనులు వేలకొలదిగా వత్తురు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తినప్పుడు నాటి నిజాము మహబూబు అలీఖాను ఈ యమ్మవారికి కానుక లర్పించెనని పెద్దలు చెప్పుకొందురు. ఈ మహంకాళి, మన మైసమ్మ, పోచమ్మ మొదలగు దేవతలకు మనుష్యచరిత్రను వెదకుట వ్యర్థప్రయాసము. చెఱువు కట్టను కాచు శక్తి, ఊరి పొలిమేరను కాచు శక్తి, వ్యాధిని పంపి మరల పిలుచుకొను శక్తి ఇచ్చట అమ్మయై నిలిచినది. వీరి విషయమున యూహెమెరసుకంటె ప్రోడికుసు మాట దగ్గఱగా నున్నది. కావున దేవతలందఱు మనుష్యులే యను మాట మన నగరపు తొలి వీధిలోనే నిలువజాలదు.

శాలిబండ ప్రాంతమున నున్న మహంకాళి గుడిని అక్కన్న మాదన్నల గుడి యందురు. తానాషా కాలమున గోలకొండ రాజ్యభారము వహించిన ఆ సోదరులు 1686లో హత్యకు గురియైరి. వారి నామము గుడికి నిలిచినది. గుడిలోని దైవము మాత్రము అమ్మవారే. ప్రజలు వారిని మఱువలేదు; దేవతలను చేయనులేదు. విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున నున్న గుహాలయములను కూడ జనులు అక్కన్న మాదన్న గుహలనియే పిలుతురు. ఆ గుహలు వారికంటె సుమారు వేయి యేండ్లు పూర్వపువి! కావున ఒక స్థలమునకు మనుష్యుని పేరుండుట మాత్రమే ఆ స్థలచరిత్రకు సాక్ష్యము కాదు. యవనుని సిద్ధాంతమును పట్టుకొని తొందరపడువారికి ఇది మంచి హెచ్చరిక.

మఱి తెలుగునాట నిజముగా దైవత్వమందిన మానవులు లేరా? కలరు. పల్నాటియుద్ధమున కూలిన వీరులకు కారెంపూడిలో వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమాసమున అచ్చట వీరుల యాయుధములకు పూజలు జరుగును. మేడారమున సమ్మక్క సారలమ్మలు కాకతీయుల సేనల నెదిరించి పోరిన కోయవీరనారులని ఐతిహ్యము. రెండేండ్లకొకసారి మాఘపూర్ణిమకు చిలుకలగుట్టనుండి సమ్మక్కను కోయపూజారులే తోడ్కొని వత్తురు. ఆ తల్లులకు విగ్రహములు లేవు.

మన కులమునకు కాటమరాజు గలడు. ఆ గాథ మీరెఱిగినదే యైనను కొంత తలచుకొందము. 13వ శతాబ్దిలో అనావృష్టి కలిగి పసులకు మేత కరవైనది. కాటమరాజు గొల్లలతో, ఆలమందలతో నెల్లూరు సీమకు పోయెను. అచ్చటి సిద్ధిరాజుతో నొడంబడిక చేసికొనెను. పచ్చికకు పుల్లరిగా మందలో పుట్టిన కోడెదూడల నియ్యవలెననుట అందలి షరతు. ఒడంబడిక చెడినది. పుల్లరి చెల్లింపుమని రాజు, చెల్లింపనని కాటమరాజు పట్టుపట్టిరి. పాలేటి తీరమున పోరు జరిగెను. రాజుపక్షమున కవి తిక్కనసోమయాజికి జ్ఞాతియగు ఖడ్గతిక్కన పోరి రణమున కూలెను. గొల్లవీరు లనేకులు మడిసిరి.

ఈ యుద్ధము సింహాసనముకొఱకు జరిగినది కాదు. పచ్చికకొఱకు జరిగినది. అందు మడిసినవారికి కిరీటములు లేవు. శాసనములు వేయించు మంత్రులు లేరు. అయినను ఇన్నూఱు కాదు, ఏడువందల యేండ్లుగా వారు కొలువబడుచున్నారు. ఏథెన్సువారు రక్షకుడని కొలిచిన డెమెట్రియసుకు నేడు దీపము పెట్టువాడొక్కడైన కలడా? అధికారమువలన పుట్టిన దైవత్వము అధికారముతోనే పోయినది. తమకొఱకు ప్రాణములిచ్చిన వారి ఋణము తీర్చుకొనజాలక జనులు మ్రొక్కిన మ్రొక్కు మాత్రము తరతరములు నిలిచినది. మేము చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే. మనిషిని దేవునిగా చేయునది రాజాజ్ఞ కాదు, కృతజ్ఞత. కావున "కాటమరాజు మనిషే గదా" యని కుఱ్ఱవాడడిగినప్పుడు పెద్దలు కోపింప పనిలేదు. "అవును నాయనా, మనిషియే, అందుచేతనే మ్రొక్కుచున్నాము" అని చెప్పవలెను. అమరునకు ప్రాణభయము లేదు. చావు గలవాడు మందకొఱకు చావునకు సిద్ధపడుట గొప్ప.

అయ్యా, ఇచ్చట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. యూహెమెరసు ప్రశ్న మంచిది. అతడు చూపిన సాక్ష్యము మాత్రము కల్పితము. పాంకేయద్వీపమును మరల చూచినవారు లేరు. బంగారు స్తంభము అతని గ్రంథములో తప్ప ఎచ్చటను లేదు. తన మాటకు బలము చేకూర్చుటకై అతడు లేని స్తంభమును నిలిపెను. నేడు కులచరిత్రలు వ్రాయువారిలో అన్ని కులములందును ఇట్టి బంగారు స్తంభములను నాటువారు కలరు. లేని తామ్రశాసనములు, ఎవ్వరును చూడని తాళపత్రములు, సూర్యచంద్రులనుండి తిన్నగా దిగివచ్చిన వంశవృక్షములు, ప్రతి రాజవంశమును మనదే యను డంబములు అచ్చుపడుచున్నవి. ఇవి చదివి ఒక దినము మనము ఉప్పొంగవచ్చును. పరీక్షించువాడు వచ్చి ఒక్కటి బొంకని తేల్చినచో, దానితోబాటు మన నిజమైన గాథ కూడ నవ్వులపాలగును.

దీనికి ప్రతిగా ఇంకొక స్తంభము కలదు. మధ్యప్రదేశమున విదిశ చెంత బేసనగరమున నిలిచియున్న రాతిస్తంభమది. దానిని నిలిపినవాడును యవనుడే. తక్షశిలనుండి రాయబారిగా వచ్చిన హీలియొడోరసు, క్రీ. పూ. 2వ శతాబ్ది తుదిభాగమున, దేవదేవుడగు వాసుదేవునికి గరుడధ్వజము నెత్తించి, తాను భాగవతుడనని దానిమీద వ్రాయించెను. ఒక యవనుడు లేని బంగారు స్తంభమును వర్ణించెను. వేఱొక యవనుడు ఉన్న రాతిస్తంభమును నిలిపెను. బంగారముది మాటయే మిగిలినది. రాతిది నేటికిని ఎవరైన పోయి చేత తాకి చూడవచ్చును. మన చరిత్రకు రాయి చాలును. బంగారు పూత వలదు.

మన రాయి ఏది? మన వీరుల పాటయే. ఆ పాటను నిలిపినవారెవరు? కోస్తా ప్రాంతమున కొమ్ములవారు, ఈ తెలంగాణమున మందహెచ్చులవారు. కొమ్ములవారు మాలకులములోనివారు. గొల్లల వీరుని గొల్లలకు తరతరములు వినిపించినది వారి కొమ్మును, వారి గొంతును. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఇట్లే కులపురాణమును కాపాడిరి. ఒక కులము దైవమును వేఱొక కులము నాలుకమీద మోసినది. పాట విన్న కులములు పాటగానికి గింజలు పెట్టినవి; సరియైన పీట మాత్రము వేయలేదు. తంగిరాల వెంకటసుబ్బారావుగారివంటి పండితులు కాటమరాజు కథలను సేకరించి ప్రకటించిరి. అది మహోపకారము. అయినను కాగితముమీది పాటకు గొంతు లేదు. గాయకుల బిడ్డలు వేఱు వృత్తులలోనికి పోవుచున్నారు. అది వారి హక్కు, వారిని నిర్బంధించు అధికారము మనకు లేదు. మన చేతనున్నది ఒక్కటే. వారు పాడుచుండగనే వినవలెను, భద్రపఱుపవలెను.

కావున ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: ప్రతి జిల్లా శాఖయు తన ప్రాంతమునందలి మందహెచ్చులవారిని, కొమ్ములవారిని, ఒగ్గుకథకులను పిలిపించి, గౌరవవేతన మిచ్చి, కథను మొదటినుండి తుదివఱకు పాడించి, యంత్రముతో శబ్దమును చిత్రమును పట్టించి యుంచవలెను. నేడు ప్రతివాని చేతనున్న ఫోనుతోనైనను ఈ పని మొదలిడవచ్చును. గాయకుని పేరును, ఊరును, పాడిన తేదీని తప్పక వ్రాయవలెను. వచ్చు మహాసభలో ఆ గాయకులను మన పోషకుల సరసన వేదికమీద కూర్చుండబెట్టవలెను.

రెండవది: మన కులచరిత్ర అచ్చువేయునప్పుడు ప్రతి సంగతికిని దాని యాధారమును ప్రక్కన చెప్పవలెను. ఇది శాసనములో నున్నది, ఇది పాటలో నున్నది, ఇది పెద్దల మాట యని విడదీసి వ్రాయవలెను. పాటకు పాట విలువ కలదు. దానిని శాసనమని చెప్పి అమ్మనక్కఱలేదు.

మూడవది: మన వసతిగృహముల విద్యార్థులకు ప్రశ్నించు స్వేచ్ఛ నియ్యవలెను. యాస్కుడు ఐతిహాసికులకు తన గ్రంథమున చోటిచ్చెను. మన సభలో మన బిడ్డలకు చోటు లేకుండునా? అడిగినవాడు నాస్తికుడగునని భయపడవలదు. అడుగ నేర్చినవాడే రేపు సాక్ష్యమును వెదకి తెచ్చును.

ఈ కార్యములకు ధనము కావలెను. మహారాజపోషకులు ఆలయములకు గోపురములు కట్టించిరి, అన్నదానములు చేయించిరి. అందులో నొక పాలు ఈ గాథల రక్షణకు కేటాయింపవలసినదిగా వారిని సవినయముగా వేడుచున్నాము. గోపురము కూలినచో మరల కట్టించవచ్చును. కథను పూర్తిగా నెఱిగిన కడపటి గాయకుడు కన్ను మూసినచో ఆ గుడిని ఏ శిల్పియు మరల కట్టజాలడు.